పుట్టినరోజు పాపది... లిస్టు మావయ్యది

మా పాపకి పదో నెల నిండిన రోజున ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. పేరు ‘ఫస్ట్ బర్త్‌డే’. ఆఫీసులో ఏ పని మొదలైనా నేను చేసేది అదే. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి, ఎంతవుతుంది అని గడులు గీసుకుంటే గానీ నాకు ప్రాణం కుదుటపడదు. మా ఆయనదీ సాఫ్ట్‌వేరే కాబట్టి నవ్వలేదు. ‘అతిథులు’ అన్న గడిలో 25 అని వేశాను. రెండు వైపుల ఇంటివాళ్లు, పక్క ఫ్లాట్ వాళ్లు, నలుగురైదుగురు స్నేహితులు. అంతే.

ఆ ఆదివారం ఊరికి వీడియోకాల్ చేస్తే మావయ్య కళ్లజోడు సర్దుకుని, “మన లిస్టు 340 దాకా తేలిందమ్మా. ఇంకా గుడివాడ వాళ్లని రాయలేదు” అన్నారు.

మా ఆయన ఫోను నా చేతికిచ్చి, పాప డైపర్ మార్చాలంటూ లోపలికి వెళ్లిపోయాడు. డైపర్ పది నిమిషాల క్రితమే మార్చాం.

సరే, 25 కాదు, 340 కాదు, మధ్యలో ఎక్కడో తేల్చుదామని హైదరాబాద్‌లో హాళ్లు చూడటం మొదలుపెట్టాం. మియాపూర్, కూకట్‌పల్లి వైపు మూడు చూశాం. మూడు చోట్లా మొదటి ప్రశ్న “ఎంతమంది మేడం?” అనే. పాప పేరు అడిగింది ఒక్క చోట, అదీ లైట్ల అక్షరాలు ఎన్ని పట్టాలో లెక్కేయడానికి. మినిమం గ్యారంటీ 150 ప్లేట్లు. అంటే 90 మందే వచ్చినా 150 మందికీ డబ్బు కట్టాల్సిందే. ప్లేటు 850 రూపాయలు, జీఎస్టీ వేరు. డెకరేషన్ వేరు. బయటి డెకరేటర్‌ని తెచ్చుకుంటే హాలు వాళ్లకి అదనంగా ‘రాయల్టీ’ కట్టాలి. జంగిల్ థీమా, సముద్రం థీమా, యూనికార్నా? యాంకర్, మ్యాజిక్ షో, పిల్లల చేతుల మీద టాటూలు వేసేవాళ్లు, పీచుమిఠాయి బండి, పాప్‌కార్న్ బండి. ఫొటోలు ఒక ప్యాకేజీ, వీడియో ఒకటి, రీల్స్ ఇంకొకటి. అమ్మానాన్నలు పాపని బొమ్మ కారులో కూర్చోబెట్టుకుని పొగల్లోంచి నడిచొచ్చే ‘ఎంట్రీ’కి విడిగా 12 వేలు. రిటర్న్ గిఫ్టులు కలపకుండానే మూడు లక్షలు దాటింది. అదీ 150 మందికి. మావయ్య లిస్టుకి ఎంతవుతుందో లెక్క కట్టే ధైర్యం లేక ల్యాప్‌టాప్ మూసేశాను.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఏ ప్యాకేజీలోనూ సమాధానం దొరకని గడి ఒకటి మిగిలిపోయింది. హాలు ఇచ్చేది సాయంత్రం ఏడు నుంచి పదిన్నర వరకు. ట్రాఫిక్ దాటుకుని జనం వచ్చేసరికి ఎనిమిది. కేక్ కోసేది ఎనిమిదిన్నరకి. మా పాప నిద్రపోయేది ఏడుంపావుకి. ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లలకి పగటి కునుకులతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా కొత్త ముఖాలు చూస్తే బెదిరే వయసు ఇదే. ఎనిమిదో నెల, తొమ్మిదో నెలలో మొదలయ్యే ఆ భయం ఏడాది దాటాక కూడా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం రెండొందల కొత్త ముఖాలు తెచ్చి, పెద్ద పాటలు పెట్టి, పార్టీ పాపర్లు పేలుస్తాం.

ఆ మధ్య మా ఆఫీసులో ఒకరి బాబు మొదటి పుట్టినరోజుకి వెళ్లాం. బుల్లి కోటు, బుల్లి బో టై. వచ్చిన ప్రతివాళ్లూ ఎత్తుకుని ఫొటో దిగుతుంటే వాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఏడుస్తూ ప్రయాణం చేశాడు. తొమ్మిదింటికి వాళ్లమ్మ భుజం మీద సొమ్మసిల్లినట్టు నిద్రపోయాడు. అప్పుడే స్టేజీ మీదకి ఎక్కిన గుంపు కోసం ఫొటోగ్రాఫర్, “బాబుని ఒక్కసారి లేపండి మేడం, కళ్లు మూసుకుంటే ఆల్బమ్‌లో బాగోదు” అన్నాడు. లేపారు. మళ్లీ ఏడ్చాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

భద్రత సంగతులు ఇంకా చాలా ఉన్నాయి గానీ రెండు చెబుతాను. గాల్లో తేలే బెలూన్లలో నింపాల్సింది హీలియం. అది అంటుకోదు. చవకగా వస్తుందని హైడ్రోజన్ నింపేవాళ్లూ ఉన్నారు. దాని దగ్గరికి కొవ్వొత్తి వెళ్తే పేలుతుంది. “ఏ గ్యాస్ వాడతారు?” అని డెకరేటర్‌ని అడిగితే, “గ్యాసే మేడం, బెలూన్ గ్యాస్” అన్నాడు. షీట్‌లో ఆ వరస ఎర్రరంగు పూసి కొట్టేశాను. రెండోది, కేక్ కోసేటప్పుడు పిల్లల మీద చల్లే నురగ స్ప్రే. డబ్బాలోంచి దాన్ని బయటికి తోసే వాయువు చాలావాటిలో మండే రకమే. వెలిగించిన కొవ్వొత్తి ముందు దాన్ని కొట్టడమంటే సరదా కాదు. పగిలిన బెలూన్ ముక్కలు పాకే పిల్లల నోట్లోకి వెళ్లి గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఎలాగూ ఉంది.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని, దసరాకి ఊరెళ్లినప్పుడు మావయ్యతో వాదించాలనుకున్నాను. మంచి పాయింట్లే ఉన్నాయి నా దగ్గర.

మావయ్య నా పాయింట్లు వినకముందే బీరువాలోంచి ఒక పుస్తకం తీసుకొచ్చారు. ఎర్రగుడ్డ అట్ట, పొడుగ్గా, కిరాణాకొట్టు చిట్టాలా ఉంది. చదివింపుల పుస్తకం. పల్లెటూళ్లలో పుట్టి పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో, గృహప్రవేశానికో వెళ్తే భోజనం చేసి, బల్ల దగ్గర కూర్చున్న మనిషికి పేరు చెప్పి డబ్బు రాయించి వస్తాం. ఎవరు ఎంత రాయించారో ఆ ఇంటివాళ్లు దాచుకుంటారు. రేపు వాళ్లింట్లో ఫంక్షనైతే, వచ్చినదానికి కాస్త కలిపి తిరిగి రాయించాలి. వడ్డీ లేదు, నోటు లేదు, సంతకం లేదు. ఒకరింట్లో శుభకార్యం వస్తే ఊరంతా కలిసి సర్దే అప్పు అది.

పుస్తకంలో ఒకవైపు తమకి వచ్చినవి, ఇంకోవైపు మావయ్య చదివించినవి. 1994 నుంచి ఉన్నాయి. 51, 116, తర్వాత 516, 1116. ఇంటిపేరు, ఊరు, ఏ సందర్భమో చిన్న అక్షరాలతో రాసి ఉంది. 1994 నాటి 116 ఇప్పటి లెక్కలో ఎంతవుతుందో చూద్దామని నేను ఫోన్ తీస్తే మా ఆయన కళ్లతోనే వద్దన్నాడు.

మావయ్య పేజీలు తిప్పుతూ 2021 దగ్గర ఆగారు. ఆ పేజీ దాదాపు ఖాళీగా ఉంది.

మా పెళ్లి 2021 మే నెలలో. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. ఇంటి ముందు చిన్న పందిరి, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది జనం, ముఖాలకి మాస్కులు. నాకైతే ఆ పెళ్లి బాగానే జరిగిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఖర్చు తగ్గింది, అలసట తగ్గింది.

“వీళ్లందరి ఇళ్లలో తిన్నాను అమ్మాయ్” అన్నారు మావయ్య. “మా అమ్మాయి పెళ్లికి వచ్చి, పీటలు వేసిన దగ్గర్నుంచి గిన్నెలు కడిగేదాకా ఉన్నారు. అబ్బాయి పెళ్లికి ఒక్కళ్లకీ అన్నం పెట్టలేకపోయాను. అందులో ముగ్గురు ఆ నెలలోనే పోయారు. వాళ్ల ఇళ్లకి వెళ్లడానికీ లేకపోయింది. చదివింపులు రావాలని కాదు, వాళ్లకి నేనొక భోజనం బాకీ.”

నా కాగితం మడిచి పర్సులో పెట్టేసుకున్నాను. పాప ఏడుంపావుకి నిద్రపోతుందన్న మాట ఒక్కటి మాత్రం చెప్పాను. మావయ్య తలూపారు గానీ, ఏం చేయాలో ఆయనకీ తోచలేదు.

ఆ రోజే ఇంటికొచ్చిన ఓ బంధువు పాపని ఎత్తుకుని ముద్దు చేస్తూ, “అమ్మమ్మ వాళ్లు ఏం పెడుతున్నారే నీకు? గొలుసా, గాజులా?” అంది. సరదాకే అంది. అసలు సమస్య నా షీట్‌లో లేనే లేదని అప్పుడు అర్థమైంది.

మా వైపు మొదటి పుట్టినరోజంటే అమ్మమ్మ, తాతయ్య, మేనమామ ఉత్త చేతులతో రారు. పట్టుబట్టలు, వెండి గిన్నె, మెళ్లోకి బంగారం. జనం ఎంతమంది వస్తే అంతమంది ముందు ఆ పెట్టె తెరవాలి. 340 మంది వస్తే 340 మంది చూస్తారు. మా నాన్నది అవనిగడ్డ వైపు పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, వరి. పోయిన అక్టోబరులో పది గ్రాముల బంగారం లక్షా ఇరవై వేలు దాటేసింది. కాసు గొలుసంటే తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ కలిపితే లక్ష పైమాటే.

దసరా అయిన రెండు వారాలకి అమ్మ ఫోన్ చేసి, “గొలుసు ఎన్ని అంగుళాలుంటే పిల్ల మెడకి సరిపోద్దే?” అంది.

“డబ్బులెక్కడివమ్మా?”

“నీకెందుకు? దీపావళి దాటాక రేటు తగ్గుద్దంటున్నారు, అప్పుడు తీసుకుంటాం. పొడుగు చెప్పు చాలు.”

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ రాత్రంతా ఫోన్లు కలవలేదు. తెల్లారాక తమ్ముడు పొలం నుంచి ఫొటో పంపాడు. పొట్ట దాటి కంకులు వేసిన చేను చాప పరిచినట్టు పడుకుని ఉంది, మీద నీళ్లు. “కొంతైనా చేతికొస్తుందిలే” అన్నాడు నాన్న. తమ్ముడు తర్వాత విడిగా ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. అమ్మ రెండు లక్షల చీటీ అక్టోబరులోనే పాడేసింది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకి పదివేలు. ఎనిమిదో నెలలో పాటకి కూర్చుంటే 42 వేలు తగ్గించుకుంటే గానీ ఆ నెల చీటీ ఆమెకి రాలేదు. చేతికొచ్చింది లక్షా 58 వేలు. మిగిలిన నెలల వాయిదాలు మాత్రం అలాగే కట్టుకుంటూ పోవాలి. కాసు గొలుసు కోసం 42 వేలు ముందే పోగొట్టుకుంది. నేను పాప బెలూన్లలో ఏ గ్యాస్ ఉందా అని విచారిస్తున్న రోజులవి.

అమ్మతో గొడవ పడ్డాను. వద్దంటే వినదు. “మీ అత్తగారి ముందు ఉత్త చేతులతో నిలబడమంటావా?” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా, చెప్పాల్సింది నేను కాదు.

మా ఆయనకి కూడా చెప్పలేదు. రెండ్రోజుల తర్వాత అత్తయ్యే ఫోన్ చేశారు, మా నాన్న పొలం ఎలా ఉందని అడగడానికి. బాగానే ఉందని చెబుదామనుకున్నాను. గొంతు పట్టేసింది. చీటీ సంగతితో సహా మొత్తం చెప్పేశాను. చెప్పాక భయమేసింది. పుట్టింటి గుట్టు అత్తగారి చేతిలో పెట్టానే అని.

అటువైపు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నారు: “మా మనవడి మొదటి పుట్టినరోజుకి నా గాజులు బ్యాంకులో పెట్టాను. వెండి కంచం, గొలుసు తీసుకెళ్లాలిగా మరి. మీ మావయ్యకి వడ్డీ కట్టేదాకా తెలీదు. విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ పెళ్లిళ్లకి గిల్టు గాజులేసుకెళ్లాను.”

మా ఆడపడుచుకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదట. (ఇక్కడ రాస్తానని అత్తయ్యకి చెప్పాను. “రాయి, ఇప్పుడు తెలిస్తే ఏం” అన్నారు.)

తర్వాత ఆవిడ చెప్పిన ఉపాయం ఏ ఈవెంట్ మేనేజర్‌కీ తట్టదు. మా పాప పుట్టింది కార్తీకంలో, నవంబరు 17న. తిథి ప్రకారం చూస్తే పది రోజుల ముందే వచ్చేస్తుంది. చంద్రుడి లెక్కలో ఏడాదికి 354 రోజులే కదా, అందుకని తిథి పుట్టినరోజు ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. అధికమాసం వచ్చిన ఏడాది మళ్లీ వెనక్కి పోతుంది. కాబట్టి మన పిల్లలకి ఎలాగూ రెండు పుట్టినరోజులు. “తిథి పుట్టినరోజు మాకివ్వండి, తేదీది మీరు ఉంచుకోండి” అన్నారు అత్తయ్య. “కార్తీకమాసమేగా, వనభోజనం పెడదాం. మీ మావయ్య తన లిస్టంతా పిలుచుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం, పిల్ల నిద్ర చెడదు. వనభోజనంలో చదివింపులుండవు. పీట మీద కూర్చోబెట్టి గొలుసు వేయడం అంతకన్నా ఉండదు.”

మా అమ్మకి ఆవిడే ఫోన్ చేశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. అమ్మ చెప్పిందైతే ఇది: “వదినగారూ, తోటలో పిల్ల మెళ్లో బంగారమెందుకు, ఎక్కడన్నా జారిపోతే అదో దిగులు. మీ చేత్తో ఉసిరిపచ్చడి పట్టుకురండి, మా వాళ్లంతా తింటారు” అందట. అమ్మకి రెండ్రోజులు నమ్మకం కుదర్లేదు. “ఆవిడే అన్నదా, నువ్వు అనిపించావా?” అని మూడుసార్లు అడిగింది.

మావయ్యని ఒప్పించడం ఇంకో కథ. చదివింపులు వద్దంటే బాకీ ఉన్నవాళ్లు బాధపడతారని ఆయన బాధ. తీర్చుకోనివ్వకపోవడం కూడా మర్యాద కాదట. చివరికి ఊళ్లో అందరికీ, “పిల్ల పెళ్లికి రాయిద్దురుగాని, ఇప్పుడు తినిపోండి” అని చెప్పుకుంటూ తిరిగారు.

నవంబరు 9, ఆదివారం. ఊరి చివర మామిడితోట, మధ్యలో పెద్ద ఉసిరిచెట్టు. చెట్టు దగ్గర దీపం పెట్టి, పాప చేత అక్షింతలు వేయించారు. ఈ మధ్య కార్తీక వనభోజనాలంటే కులానికొక తోట, మైకులు, నాయకుల ప్రసంగాలు అయిపోయాయి. ఎర్రపుస్తకంలో మాత్రం అన్ని ఇళ్ల పేర్లూ ఉన్నాయి, అందరూ వచ్చారు. సుమారు 260 మంది. కందబచ్చలి కూర, పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు, అమ్మ ఉసిరిపచ్చడి రెండు జాడీలు. వంటమనిషి, సరుకులు, షామియానా, కుర్చీలు అన్నీ కలిపి 62 వేలు. పచ్చడి జాడీలు రెండో బంతికే ఖాళీ అయ్యాయి. అమ్మ ముఖం చూడాలి ఆ రోజు! ఉత్త చేతులతో రాలేదులెండి, పట్టుపరికిణీ, వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. గొలుసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోయిన ఒకావిణ్ని అత్తయ్య బూరెల దగ్గరికి తీసుకెళ్లిపోయారు.

పాప రెండు మామిడిచెట్ల మధ్య చీర ఉయ్యాలలో గంటన్నర నిద్రపోయింది. లేచాక తాతయ్య భుజం మీద నుంచి జనాన్ని చూసింది. ఏడ్చింది, కాదనను. కానీ ఏడ్చినప్పుడల్లా తోటలో అటు తిప్పి, కోడిపెట్టని చూపించి తీసుకురావడానికి చోటుంది. స్టేజీ మీద ఆ సౌకర్యం ఉండదు.

మావయ్య ఆ రోజు కూర్చోలేదు. ప్రతి విస్తరి దగ్గరా ఆగి, పేరుపెట్టి పిలిచి, నెయ్యి వడ్డించారు. 2021లో పోయిన ముగ్గురి ఇళ్ల నుంచీ పిల్లలు వచ్చారు. వాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డారు. వద్దన్నా వినకుండా పదకొండు మంది పాప గుప్పిట్లో నోట్లు పెట్టి వెళ్లారు. రాత్రి భోజనాలయ్యాక ఆయన ఆ పదకొండూ పుస్తకంలో రాసుకున్నారు.

హైదరాబాద్ పార్టీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 16వ తేదీ ఆదివారం ఉదయం 11 గంటలకి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, 27 మంది. రెండేళ్లలోపు పిల్లలకి చక్కెర ఎక్కువుండే పదార్థాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో ఉంది. అందుకని పాపకి అరటిపండు, రాగిపిండితో చిన్న కేకు, మిగతావాళ్లకి మామూలు కేకు. తన కేకులో రెండు చేతులూ పెట్టి, వాళ్ల నాన్న చొక్కాకి పూసింది. బెలూన్లు లేవు. ఇంట్లో పోగుపడిన డెలివరీ అట్టపెట్టెలన్నీ తెచ్చి నేల మీద పడేశాం. పిల్లలు వాటిలో దూరి రెండు గంటలు బయటికి రాలేదు. ఒక స్నేహితురాలు “థీమ్ ఏంటి?” అని అడిగితే మా ఆయన “అట్టపెట్టె” అన్నాడు. పన్నెండున్నరకి పాప నిద్రపోయింది. మేం భోంచేశాం.

నవంబరు నెలాఖరుకి నాన్న కోతలు మొదలుపెట్టాడు. పడిపోయిన చేను, కింద తడి. మామూలు కోతమిషను దిగబడుతుంది. చక్రాలకి బదులు ట్యాంకులా పట్టాలుండే చైన్ మిషను కావాలి. దానికి గంట లెక్కన అద్దె. నిలబడి ఉన్న చేను కంటే పడిన చేనుకి గంటలు ఎక్కువ పడతాయి. అమ్మ చీటీ డబ్బులు దానికే తీశారు.

“గొలుసు డబ్బులు చైన్ మిషనుకి పోయాయమ్మాయ్. మొత్తానికి గొలుసైతే కొన్నట్టే” అని ఫోన్లో పెద్దగా నవ్వాడు నాన్న.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. చీటీకి ఇంకా పదకొండు నెలలు కట్టాలట. అదయ్యాక, రెండో పుట్టినరోజుకి చూస్తుందట.